తరమణిలో అరవై ఒక్కరు

గెస్ట్‌హౌస్‌లో గదులు ముప్ఫై.
వస్తామన్నవాళ్లు అరవై ఒక్కరు.
గదికి ఇద్దరు చొప్పున రాసుకుంటూ పోతే
చివర ఒక పేరు
నా పెన్ను కొసన వేలాడింది.

"గూళ్లు తక్కువై పావురాలెక్కువైతే
ఏదో ఒక గూట్లో ఇరుక్కోక తప్పదు.
దాన్ని మేం సూత్రమంటాం వకుళగారూ"
అన్నారు ఇలంగోవన్ సార్.
నాకది సూత్రం కాదు సార్,
పోయిన గురువారం.

మూడు వారాలుగా నా బల్ల మీద దేశాలు.
చిలీకి ఉల్లిపాయ పడదు.
ఫిన్లాండుకి మోకాళ్ల నొప్పి, కింది అంతస్తు కావాలి.
ఒసాకా ఆయన గురక పెడతానని
ముందే ఉత్తరం రాశాడు, క్షమాపణతో సహా.
హాల్వర్‌సెన్, బెనెడెక్:
ఈ ఇద్దర్నీ ఒకే బండి ఎక్కించొద్దని
జాబితా అంచున ఎవరిదో పెన్సిలు రాత.
ఎందుకని అడిగితే
"ఒక లెమ్మా" అన్నారు.
గట్టు తగాదాతో ఇరవై ఏళ్లు మాటల్లేని
మా బాబాయిలు గుర్తొచ్చారు.
సర్వే రాయి ఎక్కడుందో
వీళ్లకీ తెలియదన్నమాట.

నవంబరు.
వేళచ్చేరిలో మోకాలి లోతు నీళ్లు.
రాత్రి రెండింటికి పెన్సిలు రాత ఎవరికి గుర్తుంటుంది?
ఎయిర్‌పోర్టులో మిగిలింది ఒక్క బండి,
ఇద్దర్నీ ఎక్కించుకొచ్చాడు సెల్వం.
దారిలో ఇంజన్ నీళ్లు తాగి ఆగిపోతే
ప్యాంట్లు మడిచి ఇద్దరూ తోశారట.
లెమ్మా మాటేమైనా వచ్చిందా అన్నాను.
"లేదు మేడమ్,
వన్, టూ, త్రీ అన్నారు. అంతే."

మొదటి రోజు
బీజగణితం వాళ్లు కాఫీ ఫిల్టరు చుట్టూ,
లెక్కించేవాళ్లు వడల చుట్టూ.
ఇంత ఖర్చు పెట్టి పిలిచింది
వీళ్లనీ వాళ్లనీ కలపడానికని సార్ గొణిగారు.
వడల పళ్లెం ఇక్కడే ఉంచి
చట్నీ తీసుకెళ్లి ఫిల్టరు పక్కన పెట్టాను.

రెండో రోజు ఒక ముక్కుపుల్ల పిల్ల,
పోర్టో నుంచట, అడిగింది:
మీ భాషలో పద్యానికి లెక్క ఉంటుందా అని.
గూడూరు హైస్కూల్లో
అరచేతుల మీద బెత్తంతో ఎక్కించింది
నలభై ఏళ్ల తర్వాత నోట్లోంచి దానంతటదే వచ్చింది:
యమాతారాజభానసలగం.
లఘువుకి నిలువు గీత, గురువుకి కొడవలి,
పది అక్షరాలూ బోర్డు మీద పెట్టించుకుంది.
ఎక్కడ మొదలెట్టి మూడు తీసినా ఒక గణం,
ఎనిమిదీ ఉన్నాయి, ఏదీ రెండుసార్లు లేదు.
చివరి రెండూ మొదటి రెండే కదా అని
తోకను తలకి కలిపి గాజులా చుట్టేసింది.
చుట్టూ జనం చేరారు.
బెనెడెక్ సుద్దముక్క తీసుకున్నాడు,
హాల్వర్‌సెన్ ఏదో అడ్డం చెప్పాడు,
కాఫీ చల్లారిపోయింది.
ఇన్నేళ్లూ నాకు ఆ పది అక్షరాలకీ
ఎర్రబడిన అరచేతులే అర్థం.

ఇక, ఆ వేలాడిన పేరు.
ఆడిస్ అబాబా నుంచి మెరోన్.
వీసా కోసం పదకొండు మెయిళ్లు ఇచ్చాను,
పదకొండింటికీ ఒకే జవాబు: పరిశీలనలో ఉంది.
ఆమె రాలేదు.
అరవై మంది, ముప్ఫై గదులు,
లెక్క సరిగ్గా సరిపోయింది.
అలా సరిపోవడం నాకు నచ్చలేదు.

మూడో రోజు తెర మీద మాట్లాడింది.
గొంతు తెగి తెగి వచ్చింది,
చెయ్యి మాత్రం ఆగకుండా రాసింది.
చివర్లో ఎవరో ప్రశ్న అడిగారు,
అది ఆమెకు చేరకముందే బొమ్మ ఆగిపోయింది,
సగం తెరిచిన నోటితో.

అందరూ వెళ్లాక
అడయారు పోస్టాఫీసుకి పోయాను,
ఆమె పేరున్న బ్యాడ్జీ కవర్లో పెట్టుకుని.
కౌంటర్లో ఆవిడ ఫారం తోసి
"విలువ ఎంత?" అంది తమిళంలో.
సున్నా అని రాయబోయి
ఆగాను.
నా వెనక క్యూలో నలుగురు.
ఇరవై నాలుగు రకాలుగా నిలబెట్టొచ్చు వాళ్లని.
ఎలా నిలబెట్టినా
ముందు
నా వంతే.